గోదావరి డెల్టా గ్రంథాలయాలు – ఆధునిక తెలుగు భాషా పరిశోధన: ఆధారాల చరిత్ర

ఆధునిక భాషల విభాగంలో చేరిన విద్యార్థికి గ్రంథాలయ పరిచయం పేరిట మనం సాధారణంగా చెప్పేవి కొద్ది విషయాలే: సభ్యత్వం, వర్గీకరణ సంఖ్యలు, సూచికను వెదకే పద్ధతి, పుస్తకం తిరిగి ఇవ్వవలసిన గడువు. ఇవి అవసరమైనవే. అయితే భాషను పరిశోధించే విద్యార్థికి వీటికన్నా ముందు రావలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఈ అలమరలోని పుస్తకాలను ఎవరు సేకరించారు? భాషను గురించి ఏ అభిప్రాయంతో సేకరించారు? దేనిని భాషగా లెక్కించి దేనిని వదలిపెట్టారు? పత్రాగారంలో అడుగుపెట్టిన చరిత్ర విద్యార్థి ఈ ప్రశ్న వేసుకోవడానికి ఏనాడో అలవాటుపడ్డాడు. భాషా విద్యార్థికి ఆ అలవాటు ఇంకా కుదరలేదు.

గోదావరి డెల్టాలో ఈ ప్రశ్నకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. తెలుగు వచన భాష ఎలా ఉండాలన్న వివాదం ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో తీవ్రంగా సాగినప్పుడు, ఇరుపక్షాల వారికీ ఈ ప్రాంతంతో సంబంధం ఉంది. ఇరుపక్షాల వారూ గ్రంథాలనే సాక్ష్యంగా నిలబెట్టారు. ఆ వాదంలో పుట్టిన, పెరిగిన సేకరణలనే ఈనాటి పరిశోధక విద్యార్థి వాడుకొంటున్నాడు. రాజమహేంద్రవరం సమీపంలో బొమ్మూరులో తెలుగు విశ్వవిద్యాలయపు సాహిత్య పీఠం, రాజానగరంలో 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడి విద్యార్థి తన విశ్వవిద్యాలయ గ్రంథాలయంతో తృప్తిపడక నగరంలోకి, కాకినాడకు, డెల్టా గ్రామాలకు వెళ్ళవలసిన అవసరం ఎందుకున్నదో, వెళ్ళి ఏమి అడగాలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠకుల సేకరణలు

డెల్టాలో గ్రంథాలయాలు ప్రభుత్వ చట్టాలకన్నా ముందు వచ్చాయి. భీమవరం సమీపంలోని కుముదవల్లిలో భూపతిరాజు తిరుపతిరాజు 1897లో వీరేశలింగ కవిసమాజ గ్రంథాలయాన్ని స్థాపించారు. జీవించి ఉన్న రచయిత పేరిట ఒక చిన్న గ్రామం గ్రంథాలయం పెట్టుకోవడం ఆ కాలపు పఠనాభిరుచిని గురించి చాలా చెబుతుంది. మరుసటి సంవత్సరం, 1898లో, రాజమహేంద్రవరంలో నాళం కృష్ణారావు నాటిన బీజం, వడ్డాది సుబ్బారాయకవి పేరుతో ముడిపడిన వసురాయ గ్రంథాలయ పరంపరతో కలిసి గౌతమీ గ్రంథాలయంగా ఎదిగింది. కృష్ణారావుకు అప్పటికి ఇరవై యేళ్ళు నిండలేదు. ఆ గ్రంథాలయం 1979లో ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చి ప్రాంతీయ గ్రంథాలయమైంది. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో సమావేశమైన తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభకు అధ్యక్షత వహించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం రాజమహేంద్రవరం వారు. దానికి సూత్రధారి అయిన అయ్యంకి వెంకటరమణయ్య జన్మస్థలం తూర్పు గోదావరిలోని కొంకుదురు.

ఈ వివరాలు గ్రంథాలయోద్యమ చరిత్రలో ప్రసిద్ధాలే. భాషా విద్యార్థి ఇక్కడ గమనించవలసినది వేరు. ఈ గ్రంథాలయాలను పండితులు తమ అవసరం కోసం కట్టుకోలేదు. చదువుకొన్న యువకులు చందాలతో, దానాలతో, పాఠకుని దృష్టితో నడిపారు. కావ్యాల పక్కనే పత్రికలు, ప్రహసనాలు, నవలలు, సంఘ నివేదికలు, కరపత్రాలు చేరాయి. ఎవరూ భాషా ప్రమాణాన్ని ముందుంచుకొని వీటిని ఏరలేదు. అందువల్లనే వాడుక తెలుగు చరిత్రకు ఇవి అమూల్యమైన ఆధారాలు. విశ్వవిద్యాలయ గ్రంథాలయం పాఠ్యప్రణాళికను అనుసరించి పుస్తకాలు కొంటుంది. పాఠకుల గ్రంథాలయం తన కాలం ఏమి చదివిందో దానిని దాచుకొంటుంది. మొదటిది చెప్పలేనిది రెండవది చెప్పగలదు.

పండితుల సేకరణ

దీనికి భిన్నమైనది ఆంధ్ర సాహిత్య పరిషత్తు. 1911లో మద్రాసులో జయంతి రామయ్య పంతులు ప్రభృతులు స్థాపించిన ఈ సంస్థ తరువాత కాకినాడకు తరలింది. రామయ్య పంతులు కోనసీమలోని ముక్తేశ్వరం వారు. శాసనాల పరిశోధనలోనూ కృషి చేసినవారు. పరిషత్తు తాళపత్ర గ్రంథాలను సేకరించింది, తన పత్రిక ద్వారా పరిశోధన వ్యాసాలు వెలువరించింది. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దరు పోషణలో సూర్యరాయాంధ్ర నిఘంటువును చేపట్టింది. నిఘంటువు తొలి సంపుటం వెలువడే నాటికి 1936 వచ్చింది. పరిషత్తు సేకరణలో భాగం కాలక్రమంలో కాకినాడలోని ప్రభుత్వ పురావస్తు ప్రదర్శనశాలకు ఆధారమైంది.

పరిషత్తు సేకరణకు ఒక దృష్టి ఉంది. కావ్యభాషే ప్రమాణమని, దానిని కాపాడాలని నమ్మిన వారి ప్రయత్నమది. ఆ నమ్మకాన్ని ఈనాడు తేలికగా తీసివేయడం సులభం. కాని ఆ నమ్మకం లేకపోతే ఎన్నో తాళపత్రాలు ఇళ్ళ అటకల మీదనే చెదలపాలయ్యేవన్నదీ నిజమే. విద్యార్థి తెలుసుకోవలసిందల్లా ఆ దృష్టి సేకరణ మీద, ముఖ్యంగా నిఘంటువు మీద వేసిన ముద్ర. సూర్యరాయాంధ్ర నిఘంటువు ప్రయోగాలను ప్రధానంగా కావ్యవాఙ్మయం నుండి తీసుకొంది. దానిలో ఒక పదం కనబడకపోతే ఆ పదం అప్పటికి భాషలో లేదని నిర్ణయించడానికి వీలులేదు. అది కావ్యంలో లేదని మాత్రమే అర్థం. ఈ తేడాను గుర్తించక “నిఘంటువులకెక్కని పదం” అన్న మాటతో నిర్ధారణలు చేసే సిద్ధాంత వ్యాసాలు మన విభాగాల్లో ఇప్పటికీ వస్తున్నాయి.

వివాదంలో గ్రంథాల పాత్ర

1913లో గిడుగు వెంకట రామమూర్తి పంతులు ఆధునిక తెలుగును సమర్థిస్తూ ఆంగ్లంలో విజ్ఞాపనం ప్రకటించారు. అదే సంవత్సరం జయంతి రామయ్య పంతులు గ్రాంథిక భాషను సమర్థిస్తూ ఆంగ్లంలోనే పుస్తకం వెలువరించారు. 1914లో గురజాడ అప్పారావు, తెలుగు వ్యాసరచనపై మద్రాసు విశ్వవిద్యాలయ ఉపసంఘం ఇచ్చిన నివేదికతో విభేదిస్తూ అసమ్మతి పత్రం రాశారు. ఈ మూడు రచనలనూ సిద్ధాంత దృష్టితో చదవడం మనకు అలవాటు. ఏది ప్రజాస్వామికం, ఏది సంప్రదాయబద్ధం అన్నదే చర్చిస్తాం. ఒకసారి వాటిని ఆధారాల దృష్టితో చదివి చూడవలసి ఉంది. వాద ప్రతివాదాల్లో పదే పదే వచ్చే ప్రశ్న ఒక్కటే: పూర్వులు వచనం ఏ భాషలో రాశారు? దీనికి సమాధానం వ్యాకరణంలో దొరకదు. గ్రంథాలయంలోనే దొరకాలి.

రామమూర్తి పంతులు పద్ధతి ఈ విషయంలో ఆదర్శప్రాయం. ఆయన సవర భాషను నేర్చుకొన్నప్పుడు ఆ భాషకు గ్రంథాలయం లేదు. మాట్లాడే మనుషులే ఆధారం. వారి నోటి నుండి మాటలు రాసుకొని ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. అలా విని రాసుకొన్న పండితుడు తెలుగుకు వచ్చేసరికి పూర్వ వచన గ్రంథాలను, వ్యాఖ్యానాలను అదే నిష్ఠతో గాలించారు. ‘గద్య చింతామణి’లో భిన్నకాలాల వచనానికి ఉదాహరణలు కూర్చారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము’లో గ్రాంథికవాదులు తమ నియమాలను తామే ఎలా తప్పుతున్నారో వారి రచనల నుండే చూపారు. ప్రత్యర్థి అలమరలోని పుస్తకాన్నే తన సాక్షిగా నిలబెట్టడం ఇందులోని బలం. 1919లో రాజమహేంద్రవరంలో ఏర్పడిన వ్యావహారిక భాషా సమాజానికి కందుకూరి వీరేశలింగం అధ్యక్షులు కావడం, అదే సంవత్సరం రామమూర్తి పంతులు ‘తెలుగు’ పత్రికను ప్రారంభించడం, 1924లో కాకినాడలో పరిషత్తే వ్యావహారికంపై తన నిషేధాన్ని సడలించుకోవడం ఈ క్రమంలోని మజిలీలు. పర్లాకిమిడి 1936లో ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు రామమూర్తి పంతులు దానిని విడిచి రాజమహేంద్రవరంలోనే స్థిరపడ్డారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పూర్వ వచనం ఏ భాషలో ఉందో తెలుసుకోవడానికి అచ్చు ప్రతి చాలదు. అచ్చుకు ముందు పరిష్కర్త ఉంటాడు. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడిన తరువాత, దాని నియమాలతో పెరిగిన పరిష్కర్త చేతిలో పాత గ్రంథంలోని వాడుక రూపం లేఖకుని తప్పుగా కనబడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ‘సవరించాం’ అని పీఠికలో ఒక్క వాక్యం చెప్పి ఊరుకొన్న ప్రతులెన్నో. అలా సవరించిన పాఠాన్ని తీసుకొని, పూర్వులు ఎల్లప్పుడూ గ్రాంథికమే రాశారని ఎవరైనా వాదిస్తే అది వలయాకార వాదమవుతుంది. తాళపత్ర ప్రతి, తొలి ముద్రణ, తరువాతి ముద్రణ – ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా పూర్వ వచన భాషపై మాట్లాడరాదని నా అభిప్రాయం. ఇంతటి శ్రమను ఎం.ఏ. విద్యార్థి నుండి ఆశించడం అన్యాయమన్న వాదన విన్నాను. పది పుటల గ్రంథభాగంపై చేయించవచ్చు. అది అసాధ్యమేమీ కాదు.

న్యాయమూర్తి నిఘంటువులు

ఈ సందర్భంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌ను స్మరించకుండా ముందుకు సాగలేం. మచిలీపట్నంలోను, రాజమహేంద్రవరంలోను న్యాయశాఖ ఉద్యోగం చేసిన బ్రౌన్, వేమన పద్యాల ప్రతులను అనేకం సేకరించి, పోల్చి, 1829లో ఆంగ్లానువాదంతో అచ్చువేశాడు. పండితులను జీతాలిచ్చి నియమించి కావ్యాలకు పాఠాంతరాలతో శుద్ధప్రతులు రాయించాడు. ఆయన సేకరణలో పెద్ద భాగం మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి చేరింది. ఉద్యోగ విరమణ తరువాత లండన్‌లో తెలుగు ఆచార్యుడుగా పనిచేశాడు. ఆధునిక భాషగా తెలుగును విదేశీ విద్యార్థికి బోధించడంలో ఆయన అనుభవం తొలినాళ్ళది.

భాషా విద్యార్థికి బ్రౌన్ ప్రాధాన్యం మరో కోణంలో ఉంది. 1852లో వెలువడిన ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు కావ్యపదాలతో పాటు వాడుక మాటలకూ చోటిచ్చింది. 1854లో మిశ్రభాషా నిఘంటువును విడిగా ప్రచురించాడు. హిందూస్థానీ, పారసీ, ఇంగ్లీషు తదితర భాషల నుండి తెలుగు కచేరీల్లోకి వచ్చిన పదాలు అందులో ఉన్నాయి. దీనికి కారణం సిద్ధాంతం కాదు, అవసరం. కక్షిదారు అర్జీలోని మాట న్యాయమూర్తికి అర్థం కావాలి. ఆ మాట కావ్యంలో ఉన్నదా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరాన్ని, సూర్యరాయాంధ్ర నిఘంటువును, బ్రౌన్ రెండు నిఘంటువులను ఒకే బల్ల మీద పెట్టి రసీదు, దావా, జమాబందీ వంటి పదాలను వెదకమని విద్యార్థికి చెబితే, ఒక్కో నిఘంటువు ఏ భాషాభావనతో కట్టబడిందో ఒక మధ్యాహ్నంలో బోధపడుతుంది. నిఘంటు విభాగాన్ని సంప్రదింపు గ్రంథాల గది అని పిలవడం వల్ల అది తటస్థ ప్రదేశమన్న భ్రమ కలుగుతుంది.

వర్గీకరణ సంఖ్య దాచేవి

డ్యూయీ దశాంశ వర్గీకరణలో తెలుగు భాషకు 494.827, తెలుగు సాహిత్యానికి 894.827 కేటాయించారు. మన విద్యార్థి ఈ రెండు సంఖ్యల మధ్యనే తిరుగుతాడు. భాషకు సంబంధించిన ఆధారాలు మాత్రం గ్రంథాలయమంతటా చెల్లాచెదురుగా ఉంటాయి. ఈ విషయాన్ని డెల్టాలోనే రుజువు చేయవచ్చు.

ధవళేశ్వరం వద్ద 1847–52 మధ్య ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ఆనకట్ట నిర్మాణం జరిగింది. దానితో పాటు కాలువలు, కాలువలతో పాటు కొత్త మాటలు వచ్చాయి. లాకు అన్న ఇంగ్లీషు మాట డెల్టా రైతు నోట ఎంతగా కలిసిపోయిందంటే అది పరాయి పదమన్న స్పృహే లేదు. పంటకాలువ, మురుగుకాలువ, బోదె, గట్టు, ఆయకట్టు వంటి పాత మాటలు కొత్త వ్యవస్థలో అర్థాలను సవరించుకొన్నాయి. మన ‘ఆనకట్ట’కు సోదర రూపమైన మాట ‘అనికట్’ రూపంలో ఇంగ్లీషు ఇంజనీర్ల నివేదికల్లోకి ప్రవేశించింది. ఈ చరిత్రకు ఆధారాలు 494.827లో లేవు. హెన్రీ మోరిస్ 1878లో రచించిన గోదావరి జిల్లా వర్ణన, వాల్ష్ 1896లో గోదావరి డెల్టా నిర్మాణాలపై రాసిన గ్రంథం, హెమింగ్‌వే 1907లో కూర్చిన జిల్లా గెజెటీరు – ఇవి చరిత్ర, ఇంజనీరింగు అలమరల్లో ఉంటాయి. వాటిలో రోమను లిపిలో నమోదైన తెలుగు మాటలను ఏరి, 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటమైన వ్యవసాయ పదాలతో పోల్చవచ్చు. అప్పుడు శతాబ్ద కాలపు పదచరిత్ర రూపుకడుతుంది. ఈ దారిన నడిచిన సిద్ధాంత వ్యాసం ఒకటి గోదావరి మాండలికంపై రావలసి ఉంది.

పత్రికల విషయమూ ఇంతే. వీరేశలింగం 1874లో ప్రారంభించిన ‘వివేకవర్ధని’, దాని తరువాత ‘హాస్య సంజీవని’ గ్రాంథిక వచనానికి వేదికలు. అయినా అందులో వచ్చిన ప్రహసనాల్లో పాత్రలు పాత్రల భాషే మాట్లాడాయి. ‘ప్లీడరు నాటకం’గా ప్రసిద్ధమైన ‘వ్యవహార ధర్మబోధిని’ కచేరీ భాషను గురించి చెప్పే సాక్ష్యం అర్జీలకు తీసిపోదు. ఇరవయ్యో శతాబ్దిలో శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి రాజమహేంద్రవరం నుండి నడిపిన ‘ప్రబుద్ధాంధ్ర’ మరో గని. శ్రీపాద వారి కథల భాషపై మనం రాసే వ్యాసాలన్నీ పుస్తకరూప సంపుటాలపైనే ఆధారపడుతున్నాయి. వాటిని తొలిసారి ప్రకటించిన పత్రికలను తెరిచి చూసినవి తక్కువ. పత్రికలకు జిల్దు కట్టేటప్పుడు అట్టలను, ప్రకటనలను తీసివేసే అలవాటు చాలా చోట్ల ఉండేది. మందుల ప్రకటన, నాటక ప్రదర్శన ప్రకటన, పుస్తకాల జాబితా ఆ కాలపు వాడుక వాక్యానికి స్వచ్ఛమైన నమూనాలు. జిల్దులేని విడి సంచిక దొరికితే దానినే ముందు చదవాలి.

శాసనాల గురించి ఒక్క మాట. 1922లో రాజమహేంద్రవరంలో ఏర్పడిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి, ఆ సంవత్సరమే వెలువడిన రాజరాజనరేంద్ర పట్టాభిషేక సంచిక, 1926 నుండి వచ్చిన మండలి ఆంగ్ల త్రైమాసిక పత్రిక చరిత్ర శాఖల సొత్తుగా మిగిలిపోయాయి. వాటిలోని తెలుగు శాసన పాఠాలు భాషా విద్యార్థికి కూడా అంతే అవసరం.

తెరమీది ప్రతి

గౌతమీ గ్రంథాలయంతో సహా అనేక తెలుగు గ్రంథాలయాల పాత పుస్తకాలు భారతీయ డిజిటల్ లైబ్రరీ పథకంలో స్కాను అయ్యాయి. ఆ పథకపు జాలస్థలం మూతపడిన తరువాత వాటిలో చాలా భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నది. ఇది మన కాలానికి దక్కిన వరమనడంలో సందేహం లేదు. రాజమహేంద్రవరం రాలేని పరిశోధకుడు ఎక్కడ ఉన్నా పుటలను చూడగలుగుతున్నాడు. దానితో వచ్చిన ఇబ్బందులు కూడా పరిశోధన పద్ధతిలో భాగం కావాలి. గ్రంథనామాలు, కర్తృనామాలు చాలావరకు రోమను లిపిలో, ఒక్కోసారి ఒక్కో వర్ణక్రమంతో నమోదయ్యాయి. దీర్ఘాలు, ఒత్తులు లేకుండా వెదికితే దొరికేది, వాటితో వెదికితే దొరకదు. నమోదైన సంవత్సరం తొలి ముద్రణదో పునర్ముద్రణదో చెప్పదు. ముఖపత్రం చిరిగిన ప్రతిని స్కాను చేసినప్పుడు ఆ లోపం శాశ్వతమవుతుంది. అటువంటి ప్రతిని ఉదాహరిస్తూ ‘తొలి ముద్రణ’ అని రాయడం సాక్ష్యాన్ని కల్పించడమే.

అందుచేత పరిశోధక విద్యార్థి ఉదాహరించే ప్రతి వాక్యానికి ఏ ముద్రణ, ఏ గ్రంథాలయ ప్రతి, స్కానా మూలమా అన్న మూడు వివరాలు రాయించడం పర్యవేక్షకుని బాధ్యత. గ్రంథాలయ ముద్ర, దాత పేరు, పాఠకుడు అంచున రాసిన పెన్సిలు గీత కూడా వివరాలే. దాని వల్ల ఒక్కో పుస్తకం ఎవరి చేతుల గుండా వచ్చిందో తెలుస్తుంది. పాత కాగితం పెళుసుబారుతున్నది. మూలప్రతిని చూడగల అవకాశం మన తరువాతి తరానికి ఇంతగా ఉండదు.

ఈ పద్ధతిని సెమిస్టరు అభ్యాసంగా ప్రవేశపెట్టదలచిన విభాగానికి అనువైన గ్రంథం ఒకటి సూచించవచ్చు. వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ కథ జరిగేది ధవళేశ్వరంలో. 1878లో ‘వివేకవర్ధని’లో ధారావాహికగా వచ్చింది, 1880లో పుస్తకమైంది, గ్రంథకర్త జీవితకాలంలోనే మళ్ళీ ముద్రణ పొందింది, ఆ తరువాత హితకారిణీ సమాజం ప్రచురించిన సంపుటాల్లో చేరింది. రెండో ప్రకరణం చాలు. నలుగురు విద్యార్థులు నాలుగు రూపాలను తీసుకొని క్రియాంతాలు, సంధులు, అన్యదేశ్య పదాలు, విరామ చిహ్నాలను వాక్యం వాక్యంగా పట్టిక వేయాలి. మొదటి రూపం దొరికే వరకు గౌతమీ గ్రంథాలయం నుండి మద్రాసు వరకు సూచికలు గాలించడం కూడా ఈ అభ్యాసంలో భాగమే. దొరకని పక్షంలో ఎక్కడెక్కడ వెదికారో ఆ జాబితానే సమర్పించాలి, దానికీ మార్కులు వేయాలి.